చదరాన్ని దుప్పటిగా మార్చేది అతుకుపనే

ఈపురుపాలెం మగ్గాల ఇళ్లలో అతుకు విలువ ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. నేస్తున్న పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా పురిపెట్టి కలుపుతారు. అచ్చు అతకడం అంటే ఇదే. కుప్పడం చీరలోనూ అంతే. అంచుకు ఒక నాడె, నడిమి బట్టకు మరో నాడె నడుస్తుంటే, రెండు రంగులూ కలిసే చోట పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఆ పట్టు సరిగా లేకపోతే జరీ ఎంత మేలిదైనా చీర నిలవదు.

మగ్గం లేకుండా, ఒక్క కొక్కెం సూదితో సాగే క్రోషే అల్లికకు కూడా ఇదే సూత్రం. మన రాష్ట్రంలో ఆ అల్లికకు పుట్టినిల్లు పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం. స్కాట్లండ్ మిషనరీలు 1844 ప్రాంతంలో అక్కడి ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పారు. 1899 కరువునూ, 1929 ఆర్థిక మాంద్యాన్నీ తట్టుకుని ఆ పని తల్లి నుంచి కూతురికి వస్తూనే ఉంది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడ అల్లిన టేబుల్ గుడ్డలు, మంచం దుప్పట్లు, దిండు గలీబులు ఐరోపాకూ అమెరికాకూ వెళ్తుంటాయి.

ఈ వస్తువుల్లో చాలావాటిని ఒకే మనిషి మొదటి నుంచి చివరి దాకా అల్లదు. ఇళ్లలో పువ్వులు, చదరాలు విడివిడిగా అల్లడం చేతిపని. వాటిని కలిపి ఒక వస్తువుగా నిలబెట్టడం అతుకుపని. పందొమ్మిదో శతాబ్దంలో కరువు కాలపు ఐర్లండులోనూ ఇలాగే ఒకరు పువ్వు అల్లితే, మరొకరు ఆకు అల్లేవారు, ఇంకొకరు వాటిని జాలీతో కలిపేవారు. చిన్న ముక్కకు పెద్ద జాగా అక్కర్లేదు. వంటకూ పిల్లల పనికీ మధ్య దొరికిన కాసేపట్లో ఒక చదరం పూర్తవుతుంది.

గ్రానీ స్క్వేర్ అని ప్రపంచమంతా పిలిచే చదరం 1885లోనే ‘ప్రెయిరీ ఫార్మర్’ అనే అమెరికా పత్రికలో కనిపించింది. కొన్ని గొలుసులను ఉంగరంగా చుట్టి, అందులో మూడేసి ట్రెబుళ్ల గుత్తులు నాలుగు వేస్తే మొదటి వరుస. ఆ తర్వాత ప్రతి మూలలో రెండు గుత్తులు పడతాయి కాబట్టి వరుసకో గుత్తి చొప్పున ప్రతి వైపూ పెరుగుతుంది. అయిదు వరుసల చదరానికి ఒక్కో వైపు అయిదు గుత్తులు, అంటే పదిహేను ట్రెబుళ్లు. అతికేవాళ్లకు ఈ లెక్కే ఆధారం. వరుసలు సమానమైతే కుట్టుకు కుట్టు సరిపోతుంది. అమెరికా పుస్తకాలు ట్రెబుల్‌ను డబుల్ క్రోషే అంటాయి. నమూనా చూసి అల్లేవాళ్లు ఇది ముందే గమనించుకోవాలి.

లెక్క కుదిరినా కొలత కుదరకపోవచ్చు. ఒకరి చెయ్యి బిగువు, మరొకరిది వదులు. అందుకే అతికే ముందు ప్రతి చదరాన్నీ తడిపి, మెత్తని గుడ్డ మీద పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో నాలుగు మూలలూ ఒకే కొలతకు లాగి ఆరనివ్వాలి. ఆరాక అన్నిటినీ నేల మీద పరిచి రంగుల పొందిక చూసుకోవాలి. అతుకు పడ్డాక చదరాన్ని మార్చడమంటే అల్లింది విప్పడమే.

అతికే పద్ధతులు అనేకం. మామూలు సూదితో రెండు అంచులనూ చుట్టి కుట్టడం అన్నిటికన్నా తేలిక. కుట్ల వెనక దారాలను మాత్రమే పట్టుకుంటే అతుకు చదునుగా వస్తుంది. కొక్కెం సూదితో స్లిప్ స్టిచ్ వేస్తే గట్టిదనం వస్తుంది కానీ సాగుడు తగ్గుతుంది. అందుకే దానికి ఒక సైజు పెద్ద సూది వాడటం మంచిది. డబుల్ క్రోషేతో (అమెరికా పుస్తకాల్లో ఇది సింగిల్ క్రోషే) కలిపితే గట్టు లేస్తుంది. ముందు వైపు వేస్తే అదే అలంకారం. వద్దనుకుంటే వెనక వైపు వేయాలి.

సన్నని నూలు లేసుకు మాత్రం చివరి వరుస అల్లుతూనే కలపడం శ్రేష్ఠం. పక్క చదరానికి ఆనుకునే చోట ఖాళీ గొలుసు వేయకుండా, ఆ చదరం సందులోకి సూది దూర్చి ఒక కుట్టు వేస్తారు. అతుకు కూడా నమూనాలో భాగమైపోతుంది. లేసులోని గాలీ వెలుతురూ అలాగే ఉంటాయి. దాచాల్సిన దారపు కొసలూ తగ్గుతాయి.

విడిగా అతికేటప్పుడు ఒక్కో చదరాన్నీ చుట్టూ కుట్టకూడదు. ఆరు చదరాల వెడల్పు, ఎనిమిది చదరాల పొడవు ఉన్న దుప్పటి అనుకోండి, మొత్తం నలభై ఎనిమిది. ముందు అడ్డం అతుకులన్నీ ఈ కొస నుంచి ఆ కొసకు పూర్తిచేసి, ఆ తర్వాతే నిలువు అతుకులు వేయాలి. నాలుగు మూలలు కలిసే చోటే అసలు పరీక్ష. అక్కడ దారం తెంపకుండా దాటించాలి. బిగిస్తే ముడతలు పడతాయి, వదిలేస్తే కంత పడుతుంది. దారం కొసలను ముడి వేసి వదలకుండా, ఒక వేలెడైనా ఉంచి, సూదితో ఒక దిక్కుకు పోనిచ్చి మళ్లీ వెనక్కి తేవాలి. చివరగా చుట్టూ రెండు మూడు వరుసల అంచు వేస్తే దుప్పటి ఆకారం నిలుస్తుంది.

ఈ అతుకుపని ఎంత దూరం వెళ్లగలదో 2016 జనవరి 31న చెన్నైలో తేలింది. ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ బృందం మహిళలు ఎక్కడెక్కడో అల్లిన చదరాలను కలిపి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు సాధించారు.

ఇంత పనితనానికి తగిన కూలి దక్కడం లేదన్నది పాత బాధ. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో నర్సాపురం లేసు కార్మికుల గురించే రాశారు. ఇంటిపట్టున తీరికగా చేసే పని అన్న పేరుతో వారి శ్రమకు విలువ కట్టడం లేదని ఆమె చూపించారు. ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. నిజమైన క్రోషేను అచ్చంగా అల్లే యంత్రం నేటికీ బజారులో లేదు. ప్రతి కుట్టూ ఒక మనిషి చేతిదే. భౌగోళిక గుర్తింపు వస్తువుకు పేరు తెచ్చింది. ఆ పేరు వల్ల వచ్చే డబ్బు అల్లిన చేతికీ అతికిన చేతికీ చేరాలి. లేసు దుప్పటి కొనేటప్పుడు ఒకసారి వెనక్కి తిప్పి అతుకులు చూడండి. అవి చక్కగా ఉంటే బేరమాడకండి.