లాకరు అద్దె ఎవరు కట్టాలి?

పనివేళల్లో తొడగని బట్టలు పెట్టుకునే చోటుకు మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 43వ సెక్షన్ ఉండేది. ఆ చట్టం కింద కల్పించే ఏ సదుపాయానికీ కార్మికుడి దగ్గర రుసుము తీసుకోకూడదని 114వ సెక్షన్ అంది. క్యాంటీన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. యూనియన్లలో తిరిగినవారికి ఇవి తెలిసిన సంగతులే. ఆ 43వ సెక్షన్ పుట్టినిల్లు గురించి మాత్రం అంతగా చెప్పుకోం. 1937 బ్రిటిష్ ఫ్యాక్టరీల చట్టంలోనూ బట్టల చోటుది సరిగ్గా 43వ సెక్షనే.

అయితే పోలిక అక్కడితో ఆగిపోతుంది. బ్రిటిష్ చట్టం చోటు కల్పించి తీరాలని ఆదేశించింది. మనదేమో రాష్ట్ర ప్రభుత్వం కావాలనుకుంటే నియమాలు చేసుకోవచ్చంది. అక్కడ ఆదేశం ఉంది కాబట్టి కోర్టు దాని లోతు చూడగలిగింది. కొక్కేనికి తగిలించిన బట్టలు పోయాయని ఒక కార్మికుడు డైలీ మిర్రర్ పత్రిక యాజమాన్యం మీద దావా వేశాడు. చోటు తగినదా కాదా అని తేల్చేటప్పుడు దొంగతనం భయాన్నీ లెక్కలోకి తీసుకోవాలని 1949లో అప్పీలు కోర్టు చెప్పింది. మన 43వ సెక్షన్‌కు అంత బలం రాలేదు.

అలాగని బ్రిటన్ పాత పద్దును చూడకుండా ఉండలేం. 1911 బొగ్గు గనుల చట్టం గని దగ్గరే స్నానానికి, బట్టలు ఆరబెట్టుకోవడానికి ఏర్పాటు చేయమంది. కానీ కార్మికుల్లో మూడింట రెండు వంతుల మంది ఓటేసి, నిర్వహణ ఖర్చులో సగం తామే భరిస్తామని ఒప్పుకోవాలి. మొత్తం నిర్వహణ ఖర్చు మనిషికి వారానికి మూడు పెన్నీలు దాటేటట్టయితే యజమానికి ఆ బాధ్యతే లేదు. ఒళ్లంతా బొగ్గు మసితో పైకొచ్చిన మనిషి శుభ్రంగా ఇంటికెళ్లడం అతని సొంత సరదా అయినట్టు వేసిన లెక్క అది. ఆ దారిన కట్టినవి చాలా తక్కువ. 1926లో గనుల రాయల్టీల మీద ప్రత్యేక పన్ను వేసి, ఆ సొమ్మును స్నానశాలలకు మళ్లించాకే అవి వందల్లో లేచాయి. ఇంటి బట్టలకొక లాకరు, గని బట్టలకొక లాకరు. తడి ఆరేందుకు లోపలికి వేడి గాలి. ఆ కట్టడాలంటే నాకెంతో గౌరవం. పని బట్టలూ సొంత బట్టలూ కలవకూడదనే అదే ఆలోచన బ్రిటన్ 1992 పని ప్రదేశాల నిబంధనల్లోనూ కనిపిస్తుంది.

మన వైపూ ఇలాంటి ఊగిసలాట ఉంది. 1936 వేతనాల చెల్లింపు చట్టం యజమాని ఇచ్చే సౌకర్యాలకు ప్రభుత్వ అనుమతితో జీతంలో కోత పెట్టనిచ్చింది. ఉద్యోగి ఒప్పుకొని ఉండాలనీ, కోత ఆ సౌకర్యం విలువను మించరాదనీ షరతు కూడా పెట్టింది. అందులో నాకు బాగా నచ్చేది ఒక చిన్న వివరణ: పనికి కావలసిన పనిముట్లు, ముడిసరుకు ఇవ్వడం అలాంటి సేవ కిందికి రాదు. అంటే పని కోసం ఇచ్చినదానికి కార్మికుడు బాకీ పడడు. బ్రిటన్ 1974 ఆరోగ్య, భద్రతా చట్టం 9వ సెక్షన్ కూడా, చట్టం ప్రత్యేకంగా విధించిన ఏర్పాటుకు ఉద్యోగి దగ్గర వసూలు చేయరాదని చెబుతుంది.

రెండు దేశాల 43వ సెక్షన్లూ బట్టల దగ్గరే ఆగాయి. ఇవాళ ఎన్నో కాల్ సెంటర్లలో పనిచేసే అంతస్తులోకి ఫోను రానివ్వరు. ఎన్నో షోరూముల్లో బ్యాగు బయట పెట్టి రమ్మంటారు. అక్కడ లాకరు అవసరాన్ని పుట్టించింది యాజమాన్యమే, కాబట్టి ఖర్చూ దానిదే. సాయంత్రం జిమ్‌కు తీసుకెళ్లే సంచి కోసం అదనపు అర కావాలంటే, ఉద్యోగి ఇష్టపడి కొద్దిపాటి అద్దె కట్టడంలో అన్యాయం లేదు. తాళంచెవి పోగొడితే దాని ఖరీదు అడగడమూ తప్పు కాదు. తనిఖీ కోసమో రహస్యం కోసమో పెట్టిన నిషేధానికి మాత్రం ఉద్యోగి జీతంలోంచి రూపాయి కూడా కోయకూడదు.

మన ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ సంక్షేమ సదుపాయాల్లో లాకరు గదులను పేరు పెట్టి చేర్చింది. దాని కింద నియమాలు రాసేవారు బట్టలతో పాటు ఫోను, బ్యాగు అనే రెండు మాటలు కూడా రాయాలి, ఉచితమని స్పష్టంగా చెప్పాలి.