పోపు వేయని శ్రావణం

మా తెనాలి వైపు ఎండాకాలం పోయేటప్పుడు ఊరంతటికీ చెప్పి పోతుంది. రోహిణిలో రోళ్లు పగలగొట్టి, మృగశిరలో ఉరిమి, నాలుగు పెద్ద చినుకులు దుమ్ములో రాల్చి, తడిమట్టి వాసన వాకిట్లో వదిలి మరీ వెళుతుంది. ఇక్కడి వేసవికి ఆ మర్యాద లేదు. సియెర్రా నెవాడా కొండలు పడమటికి దిగొచ్చే చోట, శాక్రమెంటోకి తూర్పున, ఈ ఎల్‌డొరాడో కౌంటీలో ఎండాకాలం పోదు, ముదురుతుంది. ఏప్రిల్లో పచ్చగా ఒళ్లు విరుచుకున్న గడ్డి జూన్‌కి పసుపు రాసుకుంటుంది. జూలైలో కొండకొండంతా బంగారం. ఆగస్టు వచ్చేసరికి ఆ బంగారం అగ్గిపుల్లలవుతుంది. అవతల అమ్మ ఫోనులో "మఖ బాగా కురిసిందే, కాలవలు నిండాయి" అంటుంటే, ఇవతల ఓక్ చెట్టు కింద నా కాలి కింది ఎండుటాకు అప్పడంలా విరుగుతుంది.

మఖ, పుబ్బ వరుపైతే మహా కరువని సామెత కట్టారు మన పెద్దలు. 2021లో శాక్రమెంటో మార్చి నుంచి అక్టోబరు దాకా వరసగా 212 రోజులు కొలవడానికి చాలినంత చినుకు చూడలేదు. రోహిణి నుంచి హస్త దాకా కార్తెలన్నీ వరుపే. దానికి సామెత ఎవరు కట్టాలి?

అయినా శ్రావణమా, నీ కోసం ఇక్కడా ఒక పెరడు కాచుకుని ఉంటుంది. డ్రిప్ గొట్టాల చుక్కచుక్క నీటితో పెంచుకున్న రాజ్యం అది. కంచె మీంచి పొరుగింట్లోకి తొంగిచూసే సొరపాదు. ఇనప జాలీని అల్లుకుని, సాయంత్రానికి పసుపుపచ్చ దీపాలు వెలిగించే బీరతీగ. కోసేకొద్దీ పుల్లని కోపంతో మళ్లీ చిగిర్చే ఎర్రకాడల గోంగూర. చలికాలమంతా గరాజులో దాచి, దుప్పటి కప్పి బతికించుకున్న కరివేపాకు కుండీ. ఈ పెరడు నిండు చూలాలయ్యేది ఆగస్టు చివరే. సరిగ్గా ఆ నెల మీదే కార్చిచ్చు కన్నేసింది. నా ఏడుపంతా అదే. మోడు కొమ్మల జనవరిని తీసుకుపోరాదూ! (ఆ మాటా అనకూడదు. 2025లో లాస్ ఏంజెలెస్ పక్కన ఆల్టడీనాలో జనవరిని కూడా వదల్లేదు.)

2021 ఆగస్టు 14న మా కౌంటీ దక్షిణపు అడవిలో ఒక పొగ లేచింది. కాల్డోర్ అన్నారు దాన్ని. కార్చిచ్చుకి నామకరణం చేసే ఆచారం ఈ దేశానిది. పేరు పెట్టిన మూడో రాత్రికే ఆ బిడ్డ గ్రిజ్లీ ఫ్లాట్స్ అనే చిన్న కొండ ఊరిని మింగేసింది. బడి పోయింది, పోస్టాఫీసు పోయింది, నాలుగు వందలకు పైగా ఇళ్లు పోయాయి. ఆ వారమే శుక్రవారం, 20వ తేదీన, వరలక్ష్మీ వ్రతం.

పొద్దున్నే గోంగూర కోద్దామని పెరట్లోకి వెళ్లాను. సూర్యుడు కుంకుమబొట్టంత ఎర్రగా, కళ్లార్పకుండా చూడగలిగేంత నీరసంగా ఉన్నాడు. పొగలోని సన్న రేణువులు నీలపు వెలుగుని దారిలోనే చెదరగొట్టి, ఎరుపునీ నారింజనీ మాత్రం కిందికి వదులుతాయట. శాస్త్రం తెలిసినంత మాత్రాన ఆ వెలుతురులో ఒళ్లు జలదరించకుండా ఉండదు. ఆకాకునా నుసి. సొరాకు నూగు మీద గట్టిగా పట్టుకుని ఊదితే కదలదు. గోంగూర మీద ఒక పైన్ సూది వాలి ఉంది, పొల్లుపోకుండా దాని రూపంతోనే, మొదలు నుంచి మొన దాకా బూడిదై. వేలు తగిలితే లేదు. దాని పక్కనే మరో రేకు, నల్లగా, ఒక పక్క నున్నగా. అది చెట్టుది కాదు.

మా నాయనమ్మ చిక్కుడుపాదుకి పేనుబంక పడితే పొయ్యిలో బూడిద గుప్పిటితో తెచ్చి చల్లేది. అది మా పొయ్యి బూడిద, మా సరుగుడు కట్టెల బూడిద. దాని పుట్టుక మాకు తెలుసు. ఇది ఎవరి బూడిద? 2018 నవంబరులో ఇక్కడికి ఉత్తరాన పారడైజ్ ఊరు తగలబడింది. 85 మంది పోయారు, 18,000కు పైగా కట్టడాలు పోయాయి. ఆ పొగని పరీక్షించిన కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు, అందులోని లోహాలు 150 మైళ్ల అవతలి శాన్ హోసే, మోడెస్టో దాకా వెళ్లాయని చెప్పింది. సీసం ఉంది, జింకు ఉంది. చెట్టు కాలితే చెట్టే రాలుతుంది. ఇల్లు కాలితే గోడల రంగులు, కరెంటు తీగలు, నీళ్ల గొట్టాలు, పెళ్లి ఆల్బమ్, పిల్ల ఎంత పొడుగైందో ఏటేటా గీతలు గీసిన తలుపుచెక్క, అన్నీ కలిసి రాలతాయి. కుళాయి కింద గోంగూర ఆకుకి ఆకు తిప్పి కడిగాను. మొదటి నీళ్లు నల్లగా, రెండో నీళ్లు బూడిదగా, మూడోసారి తేటగా. వేళ్ల సందుల్లోంచి ఆ నీళ్లు జారుతుంటే, గోత్రనామాలు తెలియని వాళ్లకి తర్పణం విడిచినట్టుంది.

ఇక ఇల్లు. కిటికీలు బిగించి, తలుపు కింద తడి తువ్వాలు దోపి, ఫోనులో గాలి అంకె చూసుకుంటూ కూర్చోవడమే కాపురం. 50 లోపు ఆకుపచ్చ, 150 దాటితే ఎరుపు, 200 దాటితే ఊదా, 300 దాటితే మెరూన్. రంగులన్నీ పట్టుచీరల కొట్లోవే, కట్టుకునే ప్రాప్తం మాత్రం ఊపిరితిత్తులకి. మా ఆయన బాక్స్ ఫ్యాన్‌కి ఫర్నేస్ ఫిల్టర్లు టేపుతో అంటించి ఒక గాలిపెట్టె తయారుచేశారు. హాల్లో కొనితెచ్చిన ప్యూరిఫయర్ ఉంది. వేపుళ్లు వద్దు, అగరొత్తులు వద్దు, కొవ్వొత్తులు వద్దని అధికారుల సలహా. పొయ్యి మీది ఫ్యాన్ వేస్తే లోపలి గాలిని బయటికి గెంటి, ఆ ఖాళీలోకి బయటి పొగని సందుసందునా పీల్చుకుంటుంది. కాబట్టి అదీ వద్దు. ఆవాలు చిటపటమని, ఎండుమిర్చి నల్లబడే లోపలే ప్యూరిఫయర్ కన్నెర్రజేసి హోరెత్తుతుంది. దానికి అడవి పొగా, మా ఇంగువ పొగా ఒకటే. అలా ఆ శ్రావణంలో మా పప్పుకి పోపు పడలేదు. ఉప్పు ఉంది, పులుపు ఉంది, పలకరింపు లేదు. అమ్మవారికి ఒక్క వత్తితో దీపం, చిటికెడు కర్పూరంతో హారతి. అగ్నిసాక్షిగా పెళ్లాడిన వాళ్లం, భోగి మంటలో పాత కుర్చీ వేసి పిల్లల్ని దగ్గరికి రమ్మన్న వాళ్లం, అగ్గిపుల్ల గీసి గోడ మీది స్మోక్ డిటెక్టర్ వంక బెదురుగా చూశాం. గుమ్మం దగ్గర పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు, అత్తయ్యగారి బీపీ మాత్రలు సర్దిన సంచి. ముత్తయిదువలెవరూ రాలేదు. తాంబూలాలు వాట్సాప్‌లో పుచ్చుకున్నారు.

సంజెవేళ మాత్రం బయటికి వెళ్లక తప్పేది కాదు. సొరపువ్వు ఆ వేళకే విచ్చుకుంటుంది, తెల్లగా, పల్చగా. చిమ్మట వచ్చి పుప్పొడి అంటించి పోవాలి. ఆ పొగలో నాకు ఒక్క చిమ్మట కనిపించలేదు. ఎన్95 మాస్కు బిగించుకుని, మగపువ్వు కోసి రేకులు తుంచి, ఆడపువ్వు గుండెకి మెల్లగా రాసేదాన్ని. దాని కింద వేలెడంత పిందె, నూగుతో, పాలబుగ్గలా. ఊళ్లు కాలుతుంటే సొరకాయలకి పెళ్లిళ్లు చేయడమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ.

చిన్నప్పుడు పురాణ కాలక్షేపంలో ఖాండవ దహనం విన్నాం. అగ్నికి అజీర్తి చేసింది, అడవిని మేస్తే కుదురుతుందట, కృష్ణార్జునులు కాపలా కాశారు. మయుడు బతికి సభ కట్టాడు. అక్కడికి మాకు కథ బాగుంది. జరిత ఎవరికీ గుర్తుండలేదు. ఎగరడం రాని నాలుగు పిల్లలతో ఆ మంటల మధ్య చిక్కిన తల్లిపక్షి ఆమె. ఎలుక కన్నంలో దాక్కోండర్రా అని తల్లి బతిమాలింది. కన్నంలో అయితే ఎలుక నోట చావు ఖాయం, మంటకైతే గాలి మళ్లే ఆశ ఉంది కదా అన్నాయి పిల్లలు. ఆ ఆగస్టులో మ్యాపు ముందేసుకుని కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఆ పక్షుల మాటలే. పోదామా, ఉందామా, గాలి మళ్లుతుందా? నైరుతి గాలి మంటని మాకు ఎదురుదిక్కున, ఈశాన్యానికి తోసింది. దేవుడికి దండం పెట్టుకున్నాం. మా దండం చల్లారకముందే, 30న, శిఖరం అవతలి సౌత్ లేక్ తాహో ఊరుఊరంతా ఖాళీ చేయమన్నారు. ఆ రోజు కృష్ణాష్టమి. మా గుమ్మంలో బియ్యప్పిండితో చిన్ని పాదాలు లోపలికి నడుస్తున్నాయి. టీవీలో 50వ నంబరు రహదారి మీద కార్లు నెవాడా వైపు బారులు తీరి, బయటికి పాకుతున్నాయి.

నిప్పు మీద నాకు కోపం లేదంటే అబద్ధం, అంతా దాని మీదే అంటే అన్యాయం. ఈ కొండల్లో నిసెనాన్, మివోక్ జనం తరతరాలుగా చిన్నచిన్న మంటలు తామే పెట్టేవారు, బుట్టల చువ్వలు నిటారుగా చిగిర్చేందుకు, ఓక్ చెట్ల కింద పొదలు బలియకుండా. 1850లో కాలిఫోర్నియా చట్టం ఆ నిప్పుని నేరం చేసింది. 1935లో అమెరికా అటవీ శాఖ, ఎక్కడ మంట లేచినా మర్నాడు పొద్దున 10 గంటలకల్లా ఆర్పాలని నియమం పెట్టింది. అగ్నికి పిడికెడు మెతుకులు పెట్టడం మానేసి దశాబ్దాలు పస్తుంచారు. పైగా భూమి వేడెక్కింది. ఇప్పుడా ఆకలి ఊళ్లకి ఊళ్లు అడుగుతోంది. కాల్డోర్ ఒక్కటే 2,20,000 ఎకరాలకు పైగా తింది.

వాన స్వాతి కార్తెలో వచ్చింది. అక్టోబరు 24న మొదలై ఒక్క రోజులో శాక్రమెంటోలో 5.44 అంగుళాలు, ఆ ఊరి రికార్డు. అప్పటికి నా సొరపాదు ఎండిపోయింది. గొడుగు లేకుండా నిలబడి, వచ్చినందుకు సంతోషమూ, రానందుకు తిట్లూ కలిపి వానకే చెప్పాను.

ఇప్పుడు జాజి గొడవ. మంట నడిచొచ్చి కాల్చే ఇళ్లకంటే, రవ్వ ఎగిరొచ్చి కాల్చేవే ఎక్కువట. అందుకని ప్రమాదప్రాంతాల్లో గోడ చుట్టూ అయిదడుగుల మేర నిప్పంటుకునేదేదీ ఉండకూడదని 2020లో చట్టం చేశారు. నిబంధనల మీద వాదనలు ఏళ్ల తరబడి నడిచాయి. నేను వాటికోసం ఆగలేదు. పడగ్గది కిటికీ పక్క, రాత్రిళ్లు దుప్పట్లో దాకా వాసన పంపే జాజితీగని తవ్వితీస్తున్నానని ఫోనులో చెబితే అమ్మ ఊరుకోలేదు.

"కిటికీ పక్క పూలతీగ పీకేస్తారటే ఎవరైనా?"

"రవ్వ పడితే ముందు అంటుకునేది అదేనమ్మా."

"అయితే దూరంగా పాతు. నాలుగడుగులు నడిచి కోసుకోలేవూ, కాళ్లేమైనా అరిగాయా?"

కంచె వారగా, గడ్డి గీకేసిన చోట గొయ్యి మొదలెట్టాను. నేల రాయిలా ఉంది, గునపం దిగడం లేదు. ఈ రాత్రికి నీళ్లు పెట్టి నానబెట్టాలి.