కాలక్షేపం నేరమా? - హాయిగొలిపే హత్యానవలల గురించి

పాఠకుణ్ణి చూసి నొసలు చిట్లించడం మన విమర్శకు పాత అలవాటు. 1950, 60 దశకాల్లో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు అద్దె పుస్తకాల షాపుల నుంచి ఇంటింటికీ తిరుగుతున్న కాలంలో, వాటిని కాలక్షేపం బఠాణీలని పక్కకు నెట్టేశాం. ఎవరు చదువుతున్నారు, ఎందుకు చదువుతున్నారు అన్న ప్రశ్నలు వేసుకోలేదు. ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్రే డిటెక్టివ్ నవలలు కూడా రాశాడన్న సంగతిని ఈనాటికీ కాస్త ఇబ్బందిగానే గుర్తు చేసుకుంటాం.

అదే ప్రశ్న ఇప్పుడు మరో రూపంలో మన ముందుకు వచ్చింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ దాకా అద్దాల భవనాలు లేచాయి. వాటిలో పనిచేసే కొత్త చదువరుల్లో, నాకు తెలిసినంత మేర, చాలామంది ఇష్టపడి చదివేది ఇంగ్లీషులో ‘కోజీ మిస్టరీ’ అని పిలిచే నవలలు. చిన్న ఊరు, ఒకరికొకరు తెలిసిన మనుషులు, ఒక హత్య. నెత్తురు కనిపించదు. నేరాన్ని ఛేదించేది పోలీసు కాదు, ఏ పుస్తకాల కొట్టు యజమానురాలో, అల్లికలు అల్లుకునే ముసలమ్మో. చివరి పేజీకల్లా దోషి దొరుకుతాడు, ఊరు కుదుటపడుతుంది. ఈ బాణీకి పెద్దమ్మ అగాథా క్రిస్టీ. ఆమె మిస్ మార్పుల్ 1930లోనే ‘ద మర్డర్ ఎట్ ద వికరేజ్’తో నవలల్లోకి అడుగుపెట్టింది.

ఇది పలాయన సాహిత్యమని ఒక్క మాటలో తేల్చేయడం సులభం. కానీ మార్క్స్ చేసిన పని అది కాదు. 1840 దశకంలో యూరప్‌ను ఊపేసిన యూజీన్ స్యూ సీరియల్ ‘పారిస్ రహస్యాలు’ను మార్క్స్ 1845లో ‘పవిత్ర కుటుంబం’లో తూర్పారబట్టాడు. పేదరికాన్ని ఒక దొరగారి దయాదాక్షిణ్యాలతో పరిష్కరించే ఆ నవల కపటాన్ని ముక్కముక్కలుగా విప్పి చూపాడు. అదే మార్క్స్ సోఫామీద పడుకుని ఒకేసారి రెండు మూడు నవలలు మార్చి మార్చి చదివేవాడని, డ్యూమా అన్నా వాల్టర్ స్కాట్ అన్నా ఇష్టపడేవాడని అల్లుడు లఫార్గ్ రాశాడు. ఈ రెండు పనుల మధ్య వైరుధ్యమేమీ లేదు. ఆనందం కోసం చదవడం తప్పు కాదు. ఆ ఆనందం దేనితో తయారైందో చూడకపోవడమే తప్పు.

మరి ఈ హాయి దేనితో తయారైంది? మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే నా పూర్వ విద్యార్థిని ఒకామె ఇలా చెప్పింది: “సార్, పొద్దంతా నేను చేసేది తప్పులు వెతకడమే. ఒకటి సరిచేస్తే ఇంకో నాలుగు పుడతాయి. అసలు ఎవరివల్ల వచ్చిందో ఎవరూ ఒప్పుకోరు. ఈ నవలలో తప్పు ఒక్కటే. చివరికి అది ఎవరిదో తేలుతుంది.” మన సిద్ధాంత వ్యాసాలు చాలావాటికంటే ఈ మాట సూటిగా ఉంది. ఆమె పారిపోతున్నది వాస్తవం నుంచి అనలేం. పూర్తికాని శ్రమ నుంచి, ఆదీ అంతమూ ఉన్న ఒక పనిలోకి వెళుతోంది. వాణిజ్య సంస్థల్లో వారానికి 48 గంటలు మించకుండా రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పనిదినం అలా సాగుతున్నప్పుడు మెట్రోలో నాగోలు దాకా దొరికే తీరిక ఎంతటిదో విమర్శకుడు లెక్క వేసుకోవాలి. అలసిన మనిషి చేతిలోని పుస్తకాన్ని లాక్కునే ముందు, అలసటకు కారణమైన గడియారాన్ని ప్రశ్నించడం న్యాయం.

ఈ నవలలకు ఇంకో గుణం ఉంది. ‘తులసిదళం’ తర్వాత 1980 దశకంలో చేతబడులు, క్షుద్రశక్తులు మన వారపత్రికలను ఏలాయి. వాటి పక్కన పెట్టి చూస్తే అపరాధ పరిశోధక నవల హేతువుకు కట్టుబడిన రచన. ఇక్కడ దయ్యం హత్య చేయదు. సాక్ష్యం కావాలి, కారణం కావాలి, పాఠకుడికి ఆధారాలన్నీ ముందే చూపించాలి. ఆలోచించడమే ఆనందమని చెప్పే సాహిత్యాన్ని అభ్యుదయవాదులు శత్రువుల పక్కన నిలబెట్టడం వివేకం కాదు.

అయితే దీని వర్గస్వభావం సంగతేమిటి? లోపం అక్కడే ఉంది. ఈ నవలల్లో హత్యకు ముందు లోకం సవ్యంగా ఉన్నట్టే లెక్క. ఒక దుర్మార్గుణ్ణి ఏరివేస్తే మళ్ళీ సవ్యమవుతుంది. ఆస్తి కోసం హత్య జరుగుతుంది కాని ఆస్తి ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. వంటమనిషి, తోటమాలి టీ అందించి, సాక్ష్యం చెప్పి తప్పుకుంటారు.

ఈ బాణీలోనే ఆ గోడకు పడిన బీటలూ ఉన్నాయి. 1911లో సంపుటిగా వచ్చిన చెస్టర్టన్ ఫాదర్ బ్రౌన్ కథల్లో ‘అదృశ్య మానవుడు’ ఒకటి. కాపలా ఉన్న నలుగురూ లోపలికి ఎవరూ రాలేదని ప్రమాణం చేస్తారు. వచ్చినవాడు పోస్టుమాన్! అతను వాళ్ళ కళ్ళముందే నడిచివెళ్ళాడు, కాని అతన్ని మనిషిగా లెక్కించలేదు. క్రిస్టీ 1953 నవల ‘ఎ పాకెట్ ఫుల్ ఆఫ్ రై’లో ఒక ధనిక కుటుంబపు హత్యల మధ్య గ్లాడిస్ అనే పనిపిల్ల కూడా చనిపోతుంది. మిస్ మార్పుల్ పిలవకుండా ఆ ఇంటికి వచ్చేది ధనికుల కోసం కాదు, తాను పని నేర్పిన ఆ పిల్ల కోసం. ఆ పిల్లను చంపి, శవాన్ని వెక్కిరించిన తీరును సహించలేక వస్తుంది. హాయిగొలిపే నవలలో కోపానికి చోటు దొరికిన ఘట్టం అది.

మన రచయితలకు దారి అక్కడుంది. కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో గేటెడ్ కమ్యూనిటీని తీసుకోండి. కోజీ మిస్టరీకి కావలసిన ప్రహరీ ఉంది, గేటు ఉంది. అందరూ అందరికీ తెలిసిన ఊరు మాత్రం లేదు. ఎదురు ఫ్లాట్ మనిషి పేరు తెలియదు. అక్కడ అందరినీ ఎరిగినవాళ్ళు ఇద్దరే: రోజుకు ఐదిళ్ళు చేసే పనిమనిషి, గేటు దగ్గరి వాచ్‌మన్. ఎవరింట్లో ఎవరు అన్నం తినలేదో, ఏ కారు ఏ రాత్రి వచ్చిందో వాళ్ళకు తెలుసు. కాని ఉంగరం కనబడకపోతే మొదట సోదా చేసేది ఆమె సంచినే. పనివాళ్ళూ డెలివరీ కుర్రాళ్ళూ సర్వీసు లిఫ్టే ఎక్కాలన్న బోర్డులు చెస్టర్టన్ పోస్టుమాన్‌ను గుర్తుకు తెస్తాయి.

పాలమూరు నుంచి వలస వచ్చి ఐదిళ్ళలో గిన్నెలు తోమే మనిషి నేరాన్ని ఛేదించే తెలుగు నవల రావాలి. అది ఉపన్యాసంలా ఉంటే ఎవరూ చదవరు. ఆధారాలు పేర్చడంలో, పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడంలో, చివర ముడి విప్పడంలో క్రిస్టీ దగ్గర నేర్చుకోవలసింది ఉంది. నేర్చుకోవడం నామోషీ కాదు. రూపం వాళ్ళది కావచ్చు. అనుమానితుల జాబితాలో మొదట ఎవరి పేరు రాయాలన్న నిర్ణయం మనది.