పంచవన్నెల చిలుక: పదార్థవిచారము

ఆంధ్రుల కథలలోఁ, బాటలలోఁ బంచవన్నెల చిలుక చిరపరిచితమైన పక్షి. నేఁడు జంతుప్రదర్శనశాలలలోను, రంగుపటములలోను గానవచ్చు మకావు అను పెద్దపక్షికిఁ గూడ నీ పేరు పెట్టుట కలదు. అరవమునఁ బంచవర్ణక్కిళి యన్నచో మకావను నర్థమే వాడుకలోఁ బ్రసిద్ధము. పరదేశపుఁ బక్షికి దేశీయమైన పేరు పెట్టుట దోషము గాదు. ఆ క్రొత్తయర్థమును బ్రాఁతకథలలోఁ జొనిపి, బాలురకు మకావు బొమ్మను జూపి కథార్థము చెప్పుట మాత్రము విచారింపఁదగినది.

మకావులు అమెరికాఖండమునఁ బుట్టినవి. మెక్సికో మొదలుకొని దక్షిణముగా వ్యాపించినవి. 1492లోఁ గొలంబసు సముద్రయానము చేయుటకుఁ బూర్వము హిందూదేశమువారు వానిని జూచి యుండుట యసంభవము. కావునఁ బ్రాచీనగ్రంథములలోని శుకము, కీరము, చిలుక యను శబ్దములకు మకావు అర్థము కానేరదు. జానపదకథలకుఁ గాలనిర్ణయము లేదుగదా యందురేని, వానివిషయమున భాషయే సాక్ష్యము పలుకును. చిలుక యనునది కన్నడపు గిళికిని, అరవపుఁ గిళికిని సోదరశబ్దము. తాలవ్యాచ్చు పరమగునపుడు మూలద్రావిడకకారము తెలుఁగునఁ జకారమగుట ప్రసిద్ధము. ఆ పక్షి యొడలిరంగునుబట్టియే తెలుఁగువారు చిలుకపచ్చ యను మాటను గల్పించుకొనిరి. మకావులలోఁ బచ్చనివియుఁ గలవుగాని, పటములకెక్కినవి తఱచుగా నెఱుపు, నీలము, పసుపు వన్నెలవి.

అట్లయినఁ బచ్చనిచిలుకకు నైదువన్నె లెక్కడివని యాక్షేపము. నంద్యాల జిల్లాలోని వెలుగోడు నల్లమల పడమటి యంచున నున్నది. ఆ ప్రాంతమున వ్రాలు రామచిలుకలలోని పోతును నిదానించి చూచినచో నాక్షేపము తీఱును. ఒడలు పచ్చన, ముక్కు ఎఱ్ఱన, కుత్తుక గీఱ నల్లన, మెడపట్టె గులాబివన్నె, తోఁకపైని నీలిచాయ. తోఁకక్రింది పసుపును గూడ లెక్కించినచో వన్నె లాఱగును. అడవిచిలుకలలో వేఱొకజాతి పోతునకుఁ దలయంతయు నేరేడుపండుచాయ గలిసిన గులాబివన్నె. ఇన్ని వన్నెలు మన పక్షియందే యుండఁగా నా పేరునకై సముద్రము దాఁటనక్కఱలేదు.

కావ్యములలోఁ జిలుకకు వన్నెకంటెఁ బలుకు ప్రధానము. 16వ శతాబ్దమునఁ బింగళి సూరన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజున కంకిత మొసంగెను. అందు బ్రహ్మ సరస్వతికిఁ జెప్పిన కథను వినిన చిలుకయే మధురలాలసయై పుట్టి, శైశవముననే యా కథను వెల్లడించును. కదిరీపతి శుకసప్తతియందును గథ చెప్పునది చిలుకయే. వినినదానిని మఱవక పలుకుట యీ కథలకుఁ బ్రాణము. ఇంటింటఁ బలుకులు నేర్చిన పక్షిని దలఁచినఁగాని యా చమత్కారము బోధపడదు. వింతరంగుల పక్షిని జూపినచో బాలుఁడు రంగును జూచును, పలుకును మఱచును.

మఱి మకావునకుఁ దెలుఁగున నేమి పేరు? సీమచింత వలె సీమచిలుక యనవచ్చును. కాని రాయలసీమవా రది తమ చిలుక యనుకొందురు. అమెరికాఖండమునఁ బుట్టిన అనాసపండు 16వ శతాబ్దమునఁ బోర్చుగీసువారితో నీ దేశమునకు వచ్చినది. దాని పేరును దానితోనే వచ్చి తెలుఁగుమాట యయ్యెను. మకావు అను పేరునకును బోర్చుగీసుభాషయే ద్వారము. ఉకారాంతమై తెలుఁగున నిమిడిన యా మాటనే యుంచుట యుక్తము.

ఇది నామమాత్రవివాదము గాదు. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టము ననుసరించి దేశీయమైన చిలుకలను బట్టుటయు, బంజరమునఁ బెంచుటయు నేరములు. అది మేలే. కాని పంజరమునఁ గానవచ్చునది పరదేశపుఁ బక్షియు, చెట్టుపై నుండునది మనదియు నగుటచే, మొదటిదానికే కథలోని గౌరవము సంక్రమించుచున్నది. వెలుగోటి బాలునకుఁ బంచవన్నెల చిలుకను జూపుటకుఁ బటముతోఁ బనిలేదు. చేనిగట్టు చెట్టు చాలును. నిఘంటుకారులు మకావునకు వేఱుగా నారోప మొసంగి, పంచవన్నెల చిలుకకు రామచిలుక యనియే యర్థము వ్రాయుట మేలు.