డిమీటరు దేవియు, మేడారపు సమ్మక్కయు

తల్లీబిడ్డలిరువురును దైవములై పూజలందుకొను గాథలు లోకమున నరుదు. గ్రీసు దేశపు డిమీటరు, పెర్సిఫోనీల కథ యట్టిది. మన సమ్మక్క, సారలమ్మల కథయు నట్టిదే. ఈ రెంటిని పోల్చువారు "ఇరువురును భూమాతలే" యని యొక్కమాటతో ముగింతురు. ఆ మాట నాకు రుచింపదు.

పూలు కోయుచున్న పెర్సిఫోనీని పాతాళాధిపతియగు హేడీసు రథముపై నెత్తుకొనిపోయెను. తండ్రియగు జ్యూసు ముందే సమ్మతించియుండెను. తల్లి నడిగినవారు లేరు, బిడ్డ నడిగినవారు అసలే లేరు. కాగడాలు చేతబట్టి, అన్నపానములు మాని, తొమ్మిది దినములు వెదకిన డిమీటరుతో సూర్యుడు, అల్లుడు తగినవాడే, దుఃఖమేల యని నచ్చజెప్పును. హోమరు పేరిట నున్న స్తోత్రములో నీ ఘట్టము చదువునప్పుడు మన పెండ్లిపెద్దలు జ్ఞప్తికి రాక మానరు. తల్లి యూరడిల్లక పైరు మొలవకుండ జేసెను. మనుష్యులు నశించినచో తమకు నైవేద్యములుండవని దేవతలు దిగివచ్చిరి. దానిమ్మగింజ తిన్నందున నేటిలో మూడవవంతు పాతాళముననే యుండవలసివచ్చినను, బిడ్డ తిరిగివచ్చినది.

మేడారపు తల్లి కట్టి యాయుధము లేదు. మేడారము నేడు ములుగు జిల్లాలోనిది. 2019కి ముందు భూపాలపల్లి జిల్లాలో నుండెను. అడవిలో పులుల నడుమ దొరికిన శిశువును కోయదొరలు పెంచిరనియు, ఆమె పగిడిద్దరాజును పెండ్లాడెననియు, అనావృష్టిచే కప్పము కట్టలేకపోగా కాకతీయ ప్రతాపరుద్రుని సేనలు పైబడెననియు చెప్పుదురు. డిమీటరు కరవును తానే కల్పించెను. సమ్మక్క కరవు వాతబడిన జనమునకై నిలిచెను. సారలమ్మ పోరున కూలెను. జంపన్న పడి మరణించిన సంపెంగవాగు జంపన్నవాగైనది. గాయపడిన తల్లి చిలుకలగుట్ట వైపు పోయి కానరాకపోయెను. వెదకినవారికి కుంకుమభరిణె మాత్రము దొరకెను. ఏ దేవతయు దిగివచ్చి బిడ్డ నీయలేదు.

కథ యీయని దానిని జాతర యిచ్చుచున్నది. రెండేండ్ల కొకసారి మాఘమాసమున మొదటినాడు కన్నెపల్లినుండి సారలమ్మ గద్దె కెక్కును. మహబూబాబాదు జిల్లా పూనుగొండ్లనుండి పగిడిద్దరాజును గొనివత్తురు. మరునాడు గాని చిలుకలగుట్టనుండి సమ్మక్క రాదు. గ్రీసు కథలో బిడ్డకై తల్లి యెదురుచూచును. ఇచట బిడ్డ ముందు వచ్చి తల్లికై వేచియుండును. ఇంతటి భావన యే కవి కల్పించినను మనము మెచ్చుకొనియుందుము. కోయల పూజావిధానములో నుండుటచేత గాబోలు, చదువుకొన్నవారి కన్ను దానిపై బడదు.

కొందరు రచయితలు సమ్మక్కను ఆదిపరాశక్తి యవతారముగా దిద్దుచున్నారు. ఇది యామెకు గౌరవమని వారి తలంపు. అవతారమైనచో ఓటమి లీల యగును. కరవులో కప్పమడిగిన రాజు నిమిత్తమాత్రుడగును. బిడ్డను బోగొట్టుకొన్న తల్లి శోకమునకు చోటే యుండదు. గ్రీకుకవి నిజముగా దేవతయైన డిమీటరును ముసలిదాసి వేషమున నొకరి యింట పసివానిని సాకునట్లు చిత్రించి మనకు దగ్గర చేసెను. మనవారు మానవియైన తల్లిని దూరము చేయుచున్నారు. జాతరలోని జీవబలులను ఖండింపవలసినదే, నేనును ఖండింతును. ఆ నెపమున కథను గూడ మూఢత్వమని త్రోసిపుచ్చు సంస్కర్తలును దానిని చదివినవారు కారు.

ఎల్యూసిసు పురమున డిమీటరు పూజారహస్యమును బయటపెట్టరాదని కట్టడి యుండెను; క్రీస్తుశకము నాల్గవ శతాబ్ది చివర నా పూజ లడుగంటగా, లోపలి తంతు నెరిగి చెప్పువారు లేకపోయిరి. మేడారమున కోయ వడ్డెలు నేటికిని ఆ గద్దెలకడ నున్నారు. సమ్మక్కపై గ్రంథము వ్రాయదలచినవారు ముందుగా వారియొద్దకు పోయి వినవలెను.