దిదెరో గ్రంథంలో గుండుసూది

18వ శతాబ్దంలో ఒక గుండుసూది అంగడికి చేరేలోపు 18 పనులు దాటాల్సి వచ్చేది. తీగను కమ్మచ్చులోంచి లాగి సన్నం చేయాలి, వంకర తీయాలి, తుంచాలి, మొన చెక్కాలి, తల బిగించాలి. 1755లో వచ్చిన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వం ‘ఆన్సిక్లోపెదీ’ 5వ సంపుటం ఇదంతా వరసగా చెబుతుంది. వేదాంత చర్చకు చూపిన శ్రద్ధే సూదికీ చూపింది. ఆ గ్రంథమంటే నాకు గౌరవం కలగడానికి మొదటి కారణం అదే.

సంపాదకుడు దెని దిదెరో లాంగ్ర్ ఊళ్లో కత్తులు చేసేవారింట పుట్టినవాడు. గణితవేత్త దాలంబెర్‌తో కలిసి 1751లో మొదటి సంపుటం తెచ్చాడు. వాళ్లు ఆంగ్ల తత్వవేత్త బేకన్ బాటలో విజ్ఞానాన్ని మూడు కొమ్మలు చేశారు: జ్ఞాపకశక్తికి చరిత్ర, వివేచనకు తత్వమూ శాస్త్రాలూ, ఊహకు కళలు. చేతివృత్తుల్ని చరిత్ర కొమ్మకే చేర్చారు. ప్రకృతి ఇచ్చినదాన్ని మనిషి ఎలా వాడుకున్నాడన్నదీ చరిత్రేనని వాళ్ల భావం. ఎంత నిండైన ఆలోచన!

అసలు పనితనం చూడాలంటే 11 చిత్ర సంపుటాలు తెరవాలి. బొమ్మలు 2,500కు పైనే. వాటిలో 900కు పైగా గీసినవాడు గూసియె. చాలా పుటల్లో పైభాగాన పని జరుగుతున్న కార్ఖానా ఉంటుంది, కింద అక్కడి పనిముట్లు విడివిడిగా, పక్కన గుర్తు అక్షరాలతో. పైన మనిషి చేతిలో చిన్నగా కనిపించిన సుత్తి కింద పెద్దదై, పిడి వంపుతో సహా తెలుస్తుంది. చూపు పైకీ కిందికీ తిరుగుతుంటే పని అర్థమవుతూ వస్తుంది. మేజోళ్లు అల్లే యంత్రం మీద వ్యాసం దిదెరో స్వయంగా రాశాడు. ముందు విడిభాగాలు, తర్వాత వాటి కూర్పులు, ఆపైన మొత్తం నడక. బొమ్మల్లోని కార్ఖానాలు మరీ శుభ్రంగా ఉంటాయి, చెమటా మసీ కనిపించవు. అది లోటే. అయినా పని తెలిసినవాళ్ల దగ్గర నిలబడి, అడిగి తెలుసుకున్న గుణం ప్రతి గీతలో ఉంది.

‘ఫలానాది చూడుము’ అనే సూచనల్లో ఇంకో నేర్పు ఉంది. నరమాంస భక్షకుల వ్యాసం చివర, క్రీస్తు శరీరమని రొట్టె తినే క్రైస్తవుల ప్రసాద సంస్కారాన్ని చూడమంటుంది! విమర్శ ఏ వ్యాసంలోనూ ఉండదు, రెంటి నడుమ ఉంటుంది. అకారాది క్రమం విడదీసిన విషయాల్ని ఈ సూచనలు మళ్లీ కలుపుతాయి. ఈ కిటుకును దిదెరో దాచుకోలేదు, 5వ సంపుటంలోనే వివరించాడు.

1759లో ఫ్రెంచి ప్రభుత్వం ఈ గ్రంథం ముద్రణకిచ్చిన అనుమతి రద్దు చేసింది. దాలంబెర్ అంతకుముందే తప్పుకున్నాడు. గ్రంథ రచయితల్లో ఒకడైన జోకూర్ సుమారు 17 వేల వ్యాసాలు రాసి బండి లాగాడు. ముద్రాపకుడు ల బ్రెతోఁ భయపడి కొన్ని వ్యాసాల్ని రహస్యంగా కత్తిరించాడు. 1764లో ఆ సంగతి బయటపడ్డాక దిదెరో కుమిలిపోయాడు. కానీ వదల్లేదు. 1765 నాటికి 17 పాఠ సంపుటాలు పూర్తయ్యాయి, 1772లో చివరి బొమ్మల సంపుటాలు వచ్చాయి.