త్రాసుకు తెలియని భేదము

రోయింగు అనబడు తెడ్ల పడవ పందెములలో భారీకాయులదే పైచేయి. దేహము పెరిగినకొలది కండబలము పెరుగును. పడవకు నీటి నిరోధము అంతగా పెరుగదు. చిన్న దేహము గలవారికిని అవకాశము కల్పించుటకై లైట్‌వెయిట్ తరగతి ఏర్పడినది. ఒలింపిక్సులో అది 1996 అట్లాంటా క్రీడలలో ప్రవేశించి, 2024 పారిస్ క్రీడలతో ముగిసినది. అచట పురుషుడు 72.5 కిలోగ్రాములను, స్త్రీ 59 కిలోగ్రాములను మించరాదు. పందెమునకు ఒకటి రెండు గంటల ముందు పోటీదారులను తూచెడివారు.

ఉద్దేశము మంచిదే, కొలత మాత్రము లోపము గలది. త్రాసు బరువును చెప్పును గాని, ఆ బరువు దేనిదో చెప్పదు. 72 కిలోగ్రాముల వారిని ఇద్దరిని ఊహింతము. ఒకని దేహములో క్రొవ్వు నూటికి 15 వంతులు, రెండవవానిలో 8 వంతులు. క్రొవ్వు పోగా మొదటివానికి మిగులునది సుమారు 61 కిలోగ్రాములు, రెండవవానికి 66. ఈ 5 కిలోగ్రాములలో అధికభాగము కండయే. 2000 మీటర్ల పందెములో తెడ్డు లాగునది కండ. అదనపు క్రొవ్వు ఊరక కూర్చున్న ప్రయాణికుని వంటిది. త్రాసుకు మాత్రము ఇద్దరును సమానులే!

అసలు ప్రమాదము ఇంకొకటి కలదు. క్రొవ్వు తగ్గుటకు వారములు పట్టును. నీటిని ఒక్క దినములో పోగొట్టవచ్చును. 74 కిలోగ్రాములవాడు నీరు మాని, చెమట కార్చి 72కు దిగును. ఆ నీటిలో కొంత రక్తమునుండియే పోవును. అందుచే గుండె ఒక్కొక్క స్పందనమున పంపు రక్తము తగ్గును, దేహతాపము పెరుగును. తూకము తరువాతి రెండు గంటలలో ఈ నష్టము పూర్తిగా తీరదు. క్రొవ్వును మితిమీరి తగ్గించుటయు హానికరమే. చాలినంత ఆహారము లేక శ్రమించు స్త్రీలలో ఋతుక్రమము తప్పును, ఎముకలు బలహీనపడును.

ఈ తరగతి వలన మేలు లేదనుట న్యాయము కాదు. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో మన అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్ ఇందులోనే పోటీచేసి 11వ స్థానము పొందిరి. మార్చవలసినది తరగతిని కాదు, పరీక్షను. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు త్వరగా బరువు తగ్గించుకొనబోయి మరణించిరి. పిమ్మట అచట మూత్రపరీక్షతో దేహములోని నీటిని, వేరు కొలతలతో క్రొవ్వును తెలిసికొని, ప్రతివాడును దిగరాని కనీసపు బరువును ముందుగానే నిర్ణయించు పద్ధతి వచ్చినది. పడవ పందెములకును ఇదియే తగిన మార్గము.

కుస్తీకి, కబడ్డీకి బాలురను తూచు మన ఉపాధ్యాయులును ఇది గమనింపవలెను. పోటీకి ముందు దినమున బరువు ఒక్కసారిగా తగ్గిన బాలుడు సన్నబడలేదు; దాహముతో నున్నాడు.